పురుగుకూ మందు.. క్యాన్సర్‌కూ మందు: భీమవరం సుబ్బారావు ప్రయాణం

మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మెడికల్ కాలేజీలో చేరినా పూర్తి డిగ్రీ చేతికి రాలేదు. మద్రాసులో సర్కారు కొలువు దక్కలేదు. అమెరికా వెళ్లి పదిహేడేళ్లు ఒకే విశ్వవిద్యాలయంలో పనిచేస్తే, అక్కడా పర్మనెంటు చేయలేదు. నలభై ఐదేళ్ల వయసులో ఓ మందుల కంపెనీలో ఉద్యోగానికి చేరారు. అక్కడ ఎనిమిదేళ్లే పనిచేశారు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందం నుంచి బయటికొచ్చిన మందులు విజయవాడ గవర్నరుపేట మందుల షాపుల్లో ఇప్పటికీ రోజూ అమ్ముడవుతున్నాయి: గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకిచ్చే డీఈసీ, టెట్రాసైక్లిన్ కుటుంబం యాంటీబయాటిక్స్. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షల బిట్లలో ఈ పేరు మీరు చూసే ఉంటారు. ఏటీపీ అనో, ఫోలిక్ యాసిడ్ అనో టిక్కు పెట్టి ముందుకెళ్లి ఉంటారు. బిట్టులో పట్టని సంగతి ఈ కథలో చాలా ఉంది.

ముందుగా ఓ చిక్కు ప్రశ్న. ఒకాయనకి కడుపులో కుడివైపు కింద గట్టిగా గడ్డ చేతికి తగులుతోంది. బరువు తగ్గాడు, విరేచనంలో రక్తం. స్కాన్ తీస్తే పెద్దపేగు మొదట్లో గోడ దళసరిగా ఉబ్బి దారి మూసుకుపోతున్నట్టు కనిపించింది. ఎవరైనా ముందు క్యాన్సర్ అనే అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ కొన్నిసార్లు అక్కడ చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, క్యాన్సర్ కణాల బదులు అమీబాలు కనిపిస్తాయి. కలుషితమైన నీళ్లతో, తిండితో లోపలికెళ్లిన ఎంటమీబా హిస్టోలిటికా పేగు గోడలో మకాం పెడితే, దాని చుట్టూ శరీరం కట్టే గోడే ఆ గడ్డ. అమీబోమా అంటారు. మెట్రోనిడజోల్ లాంటి మందుతో అది కరిగిపోతుంది. గుర్తించకుండా కత్తి పెడితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

ఇలాంటి వేషాలు పరాన్నజీవులకి కొత్త కాదు. పిల్లల కడుపులో ఏలికపాములు ఉండలు చుట్టుకుంటే బయటికి కణితిలాగే తగులుతుంది. కుక్కల నుంచి సోకే బద్దెపురుగు కాలేయంలో నీటితిత్తి కడితే కణితేమో అనిపిస్తుంది. తొందరపడి సూది గుచ్చితే షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది. బోదకాలు పురుగు రొమ్ములోనో వృషణాల దగ్గరో గడ్డ కట్టి క్యాన్సర్ భయం పుట్టించిన సందర్భాలు మన రాష్ట్రాల పాథాలజీ విభాగాలకి తెలిసినవే. సన్నసూదితో తీసిన చుక్కలో పిల్ల పురుగులు కనిపించేసరికి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

క్యాన్సర్ కణం ఒకటి, పరాన్నజీవి ఒకటి. శరీరంలో రెండూ చేసే గడబిడ ఒకేలా ఉండొచ్చు, మందులు మాత్రం పూర్తిగా వేరు. ఆ రెండు రకాల మందులకీ ఒకే ఇంటి పేరు దొరకడం వైద్య చరిత్రలో అరుదు. అందుకే సుబ్బారావు కథని పేగుల దగ్గర మొదలుపెట్టాం. ఆయన జీవితం మలుపు తిరిగింది కూడా పేగుల జబ్బుతోనే.

కాశీకి పారిపోయిన కుర్రాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో నాలుగోవాడు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం బాగోక ముందే వదులుకోవాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బుకి కటకట. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు చదువు మానేసి కాశీ బయల్దేరారు, అక్కడ యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బోలెడు సంపాదించాలని. తల్లి వెంటపడి దారిలోంచే వెనక్కి తెప్పించింది. ఇంటి కష్టం చూసిన పిల్లాడికి పుట్టిన వ్యాపారం ఆలోచన అది, అల్లరి అనుకోవడానికి లేదు.

వెంకమ్మగారు పట్టు వదిలే మనిషి కాదు. నగలు కుదువపెట్టి చదివించింది. రాజమండ్రిలో చదువు, మెట్రిక్ తప్పడం, మళ్లీ తప్పడం, చివరికి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కడం. ఈలోగా 1913లో తండ్రి పోయారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు లెక్కలంటే ఇష్టం, మనసు మాత్రం సన్యాసం మీద. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం చదువుకోమని మఠం వాళ్లు కూడా సలహా ఇచ్చారు. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీ.

అక్కడ ఖద్దరు గొడవ. గాంధీగారి పిలుపు విని విదేశీ బట్ట మానేసి, ఆపరేషన్ థియేటర్‌లో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా. ఒక్క గౌను ఖరీదు అంత. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరాలని ప్రయత్నిస్తే అదీ కుదరలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. అల్లోపతి చదివి ఆయుర్వేద కాలేజీలో ఉద్యోగమా అని ఆనాడు చాలామంది పెదవి విరిచి ఉంటారు. ఆయన మాత్రం ఆయుర్వేద మూలికల్లో ఏం పనిచేస్తోందో ఇప్పటి రసాయనశాస్త్రంతో తేల్చాలని చూశారు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

స్ప్రూ అనే జబ్బు ఇప్పటి విద్యార్థులకి పెద్దగా తెలియదు. ఉష్ణదేశాల్లో వచ్చే పేగుల జబ్బు. చిన్నపేగు లోపల ఉండే సన్నటి మొలకల్లాంటి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, చూస్తుండగానే మనిషి కరిగిపోవడం. బయటినుంచి చూస్తే కడుపులో ఏ కణితి పెరుగుతోందో అనిపించే చిక్కిపోవడమే. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ ఈ జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. తర్వాత సుబ్బారావుకే వచ్చింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు.

డాక్టరై ఉండి ఇంట్లో ఇద్దర్ని కాపాడుకోలేకపోయారు. ఏం లోపించి ఈ జబ్బు వస్తోందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న పట్టుకునే ఆయన ఓడెక్కారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలిసి ఖర్చులకి ఆధారం. భార్య శేషగిరి అప్పటికి గర్భవతి. మూడేళ్లలో వచ్చేస్తానన్నది మాట. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు.

రాత్రి వార్డుబాయ్, పగలు హార్వర్డ్

హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో సీటుంది, స్కాలర్‌షిప్ లేదు. పగలు క్లాసులు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. విదేశాల్లో చదువుతూ రాత్రిళ్లు పెట్రోలు బంకుల్లోనో హోటళ్లలోనో పనిచేసే మన పిల్లలకి ఇది పరిచయమైన బతుకే. ఒక తేడా ఉంది. ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం భారతీయుడికి పౌరసత్వం అడిగే హక్కే లేదు. ఆ హక్కు 1946లో వచ్చింది. అప్పుడు కూడా ఆయన పౌరసత్వం తీసుకోలేదు.

డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ పుట్టిందే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి, 1925. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే పరీక్ష. నమూనాకి మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఎమ్మెల్టీ, బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీరు ఈ పేరుతోనే రికార్డు రాసి ఉండొచ్చు. చూడ్డానికి చిన్న పని. నోబెల్ కోసం చేసే పనిలా అసలు కనిపించదు. కానీ నమ్మకంగా కొలిచే సాధనం చేతికొచ్చాక, అంతదాకా ఎవరికీ కనిపించనివి కనిపించడం మొదలైంది. ఈ వ్యాసంలో ఉద్యోగార్థులు ఒక్క చోట ఆగి ఆలోచించాలంటే ఇక్కడే ఆగమంటాను.

ఆ పద్ధతితోనే కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ని 1927లో పట్టుకున్నారు. రెండేళ్లకి ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టారు. కండరం కదలడానికి కారణం లాక్టిక్ ఆమ్లమని చెప్పిన సిద్ధాంతానికి అప్పటికే 1922 నోబెల్ ఇచ్చేశారు. భీమవరం కుర్రాడు, ఆయన ప్రొఫెసరు కలిసి దాని పునాది కదిలించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్లు గడిచినా శాశ్వత పదవి రాలేదు. ఆయన స్వభావం కూడా కొంత కారణమే అనిపిస్తుంది. పేరు వెనకాల పడరు, తన వంతు గురించి నోరు విప్పరు. మంచి గుణమే, కానీ ఉద్యోగం ఇచ్చే కమిటీలకి కనిపించని గుణం.

కంపెనీ ఉద్యోగం

1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ ప్రయోగశాలలకి మారారు. కొద్దికాలంలోనే పరిశోధనల డైరెక్టరయ్యారు. విశ్వవిద్యాలయం వదిలి కంపెనీకి వెళ్లడం మెట్టు దిగడమే అనుకునే రోజులవి. ఆయనకి మాత్రం అక్కడ రసాయన శాస్త్రవేత్తలు, జంతువుల మీద పరీక్షించేవాళ్లు, టన్నుల్లో సరుకు తయారుచేసే యంత్రాలు, అన్నీ ఒకే ఆవరణలో దొరికాయి.

మొదటి లక్ష్యం తమ్ముణ్నీ అన్ననీ తీసుకుపోయిన జబ్బు. కాలేయం సారం ఇస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతోందని అప్పటికే తెలుసు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసిన లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు, ఈస్ట్ సారంలో కూడా అలాంటిదేదో ఉందని 1931లోనే రాశారు. ఆ ఏదో ఏమిటి? పాలకూర ఆకుల్లోంచి కొద్దిగా తీసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది వేరేవాళ్లు. దాని నిర్మాణం విప్పి, ఫ్యాక్టరీలో తయారయ్యేలా చేసింది సుబ్బారావు బృందం, 1945లో. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలో, ప్యూర్టోరికోలో స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే రక్తం పట్టింది, ఆకలి పుట్టింది. సోదరులు పోయిన ఇరవై ఏళ్లు దాటాక మందు దొరికింది.

ఫోలిక్ యాసిడ్ పనేమిటంటే, కణాలు విడిపోయి పెరగడానికి కావాల్సిన డీఎన్‌ఏ తయారీకి సాయపడటం. పేగు లోపలి పొర, ఎముకల్లోని మూలుగ రోజూ వేగంగా కొత్త కణాలు పుట్టిస్తాయి కాబట్టి లోపం ముందు వాటి మీదే పడుతుంది. మరి క్యాన్సర్ కణం? అది ఇంకా ఆబగా పెరుగుతుంది. బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఎక్కువైనట్టు అనిపించింది. అయితే తిరగేసి ఆలోచిద్దాం అన్నారు. ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, దాని సీట్లో కూర్చుని, దాని పని చేయనివ్వని అణువు కావాలి. లెడర్లీ బృందం తయారుచేసి పంపింది. అదే అమినోప్టెరిన్. తర్వాతది అమెథోప్టెరిన్, అదే మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు: పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. మళ్లీ తిరగబడింది, నిజమే. కానీ అంతవరకు రక్తక్యాన్సర్ పిల్లలకి మందులతో ఇలా తగ్గడం ఎవరూ చూడలేదు. కీమోథెరపీ పాఠాలు ఇవాళ్టికీ ఈ అధ్యాయం దాటకుండా ముందుకెళ్లవు.

కాలవగట్టు జబ్బు

ఇక పురుగు సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాలకి ఆనకట్టలతో పాటు అన్నం వచ్చింది, నిలవ నీళ్లూ వచ్చాయి. మురుగ్గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు పురుగుని మనిషి నుంచి మనిషికి మోస్తుంది. ఒక కాలు స్తంభంలా ఉబ్బిన మనిషి లేని ఊరు ఒకప్పుడు కోస్తాలో తక్కువ. భీమవరంలో పెరిగిన మనిషికి దీన్ని ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికన్ సైనికులకి ఇదే జబ్బు సోకడంతో అక్కడివాళ్లకీ మందు అవసరమైంది. లెడర్లీలో పత్తిచేల ఎలుకల్లో ఫైలేరియా పురుగుల్ని పెంచి, వందల రసాయనాలు ఒక్కొక్కటే పరీక్షించారు. అందులో పైపరజీన్ నుంచి పుట్టిన ఒక రసాయనం పనిచేసింది. డైఇథైల్‌కార్బమజీన్, పొట్టిగా డీఈసీ, కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. 1947లో ప్యూర్టోరికో రోగుల మీద ఫలితాలు వచ్చాయి: రక్తంలో తిరిగే పిల్ల పురుగులు మాయమవుతున్నాయి. నోటితో మింగే మాత్ర, చవక. మన దేశంలో 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి ఇదే ఆయుధం.

ఈ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఇళ్లకొచ్చి వేలి చుక్క తీస్తారు. ఎమ్మెల్టీ చదివేవాళ్లు ఈ రాత్రి డ్యూటీని చిన్నచూపు చూస్తుంటారు. ఆ స్లైడు సరిగ్గా చదివే కన్ను లేకపోతే డీఈసీ ఎవరికివ్వాలో తెలియదు. పేగుల్లో గడ్డ అమీబానా, క్యాన్సరా అని తేల్చేది కూడా అలాంటి కన్నే. రక్తంలో ఇసినోఫిల్ కణాలు బాగా పెరిగితే పురుగుల్ని అనుమానించాలని పాఠంలో ఉంటుంది. అమీబా విషయంలో ఆ సూచన సాధారణంగా దొరకదు, ముక్క తీసి చూడాల్సిందే. స్కానింగ్ యంత్రాలు ఎంత ఖరీదైనవి వచ్చినా బయాప్సీ టేబుల్ దగ్గర మనిషి అవసరం తగ్గలేదు. పాథాలజీ, మైక్రోబయాలజీ, పారాసిటాలజీ వైపు వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

ఇక్కడో పిట్టకథ. డెన్మార్క్‌లో జొహానెస్ ఫిబిగర్ అనే శాస్త్రవేత్త ఎలుకల కడుపులో ఓ పురుగునీ, దాని పక్కనే కణితుల్నీ చూశారు. పురుగే క్యాన్సర్ తెస్తోందని ప్రకటించారు. 1926 సంవత్సరపు నోబెల్ ఆయనకే ఇచ్చారు. తర్వాత ఇతరులు చూస్తే అవి అసలు క్యాన్సర్లే కావని, ఆ ఎలుకల తిండిలో విటమిన్ ఏ లోపం పెద్ద కారణమని తేలింది. కణితి వేషం వేసిన జబ్బు నోబెల్ కమిటీనే బోల్తా కొట్టించింది. పురుగుకీ క్యాన్సర్‌కీ కూడా నిజమైన మందులిచ్చిన సుబ్బారావుకి ఆ బహుమతి రాలేదు. హార్వర్డ్‌లో ఆయన సహచరుడు జార్జ్ హిచింగ్స్‌కి 1988లో వచ్చింది, మందుల పరిశోధనకే.

నిద్రలోనే

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వయసైపోయిందని రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగర్‌ని పిలిచి ఉద్యోగమిచ్చింది సుబ్బారావే. ఆయన దేశం నలుమూలల మట్టి నమూనాలు వెతికి అరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948 వేసవిలో దాన్ని ప్రపంచానికి చూపించారు. కొద్దివారాలకే, ఆగస్టు 8న, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. యాభై మూడేళ్లు.

మూడేళ్లన్న ప్రయాణం ఇరవై ఆరేళ్లయింది. శేషగిరిగారు ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనే లేదు. ప్రపంచానికి మందులిచ్చిన మనిషి ఇంటి లెక్క ఇలా ఉంది. జీవితకథలు రాసేవాళ్లు దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. మూల్యం ఎవరు కట్టారో ఆమె పేరుతో సహా చెప్పుకోవడం న్యాయం.

1995లో శతజయంతికి తపాలా బిళ్ల వేశారు. అంతకుముందే ఒక బూజు జాతికి ఆయన పేరుమీద సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. ఫైలేరియా పురుగు తన ఒంట్లో వొల్బాకియా అనే బ్యాక్టీరియాని పెంచుకుంటుందని, అది చస్తే పురుగూ నీరసించి చస్తుందని తర్వాత తెలిసింది. ఆ బ్యాక్టీరియాని చంపేది డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలోదే. అంటే బోదకాలు పురుగు మీదికి ఆ ప్రయోగశాల నుంచి రెండు దారుల్లో మందు వచ్చింది. రెండోది అందుకు పనికొస్తుందని అప్పట్లో అక్కడెవరికీ తెలియదు. డీఈసీని ఇప్పుడు ఆల్బెండజోల్‌తో, కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌తో కూడా కలిపి ఊరందరికీ ఒకేసారి మింగిస్తున్నారు. జబ్బు లేనివాళ్లు కూడా ఎందుకు మింగాలని ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాలు వాచకుండానే ఏళ్ల తరబడి రక్తంలో పిల్ల పురుగుల్ని మోస్తూ, దోమకి అందించేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి.